మాల వేసే ముందు

కార్తీకం వచ్చిందంటే రోజూ తాగేవాళ్లు కూడా అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మందు మానేస్తారు. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. నా భయమంతా మొదటి మూడు నాలుగు రోజుల గురించే. పొద్దున లేవగానే గుక్క పడందే చేతుల వణుకు ఆగని మనిషికి మానిన రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆ వెంటనే ఒళ్లు కాలిపోవచ్చు, గోడ మీద లేని పురుగుల్ని దులపొచ్చు, కన్నకూతుర్నే పోల్చుకోలేకపోవచ్చు. దాన్ని దీక్షలో జరిగిన తప్పుగానో, పూనకంగానో తీసుకుని దిష్టి తీస్తూ కూర్చుంటే ప్రాణమే పోవచ్చు. ఏళ్లుగా మందు అణచిపెట్టిన మెదడు, అది ఆగగానే అదుపు తప్పి రేగుతుంది, అంతే. ఆసుపత్రిలో డయజెపామ్ లాంటి మందు ఇచ్చి క్రమంగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఎక్కిస్తూ ఈ గండం దాటిస్తారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రద్దీ పెరిగింది ఇందుకే. గురుస్వాములకు నా విన్నపం: మాల వేసే ముందు "పొద్దున్నే చేతులు వణుకుతాయా నాయనా?" అని అడగండి. అవునంటే ముందు డాక్టర్ దగ్గరకు పంపండి, మాల ఆ తర్వాత వేయొచ్చు.