సిపాయి అంటే మీసమేనా?

ఫొటో ఉన్నదున్నట్టు చూపిస్తుందని పందొమ్మిదో శతాబ్దం మనల్ని నమ్మించింది. సైన్యం విషయంలో ఆ నమ్మకం మన ఆడపిల్లల్ని ఇంకా వెంటాడుతూనే ఉంది.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ సంగతే చూడండి. కవాతులు, యుద్ధ విన్యాసాలు, గుర్రాలెక్కిన అధికారులు ఆయన కెమెరాకెక్కి ఆల్బములుగా నలుగురిలోకీ వెళ్లారు. ఆ దీన్ దయాళే 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడల వెనక, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషామె పర్యవేక్షణలో పరదా స్త్రీలకు ఫొటోలు తీసేవారు. పరాయి కళ్ల పడకూడదనే ఆ ఏర్పాటంతా. మగవాడి బొమ్మ లోకానికి, ఆడదాని బొమ్మ ఇంట్లో పెట్టెలోకి!

పోనీ, ఈ నేల మీద ఆడసిపాయిలు లేరా అంటే ఉన్నారు. 1795లో ఖర్దా యుద్ధానికి నిజాం అలీఖాన్ వెంట తుపాకులు పట్టిన ఆడ పటాలాలు నడిచాయి. వాళ్లని మరిచిపోయాం. సిపాయి అంటే మీసమే అన్న బొమ్మ మాత్రం నిలిచిపోయింది.

బొమ్మే కదా అని కొట్టిపారేయలేం. 2020లో మహిళా అధికారుల పర్మనెంట్ కమిషన్ కేసులో కేంద్ర ప్రభుత్వం ఏమని వాదించింది? పల్లెల నుంచి వచ్చిన జవాన్లు ఆడ అధికారిని అంగీకరించడానికి మానసికంగా సిద్ధంగా లేరని! నూరేళ్లకు పైగా మగవాణ్ణే చూపించి, ఇప్పుడు చూసేవాళ్లకి అలవాటు లేదనడం ఏం న్యాయం? సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2021లో మళ్లీ ఆ కోర్టే చెబితే గానీ నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశపరీక్ష అమ్మాయిలు రాయలేకపోయారు. తొలి బ్యాచ్‌కి 400 ఖాళీల్లో వాళ్లకిచ్చినవి 19. 2025 మేలో 17 మంది శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. వాళ్లతోపాటు వచ్చిన అబ్బాయిలు మూడువందల పైచిలుకు.

మా గుణదలలో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఇప్పుడు యూనిఫాం వేసుకున్న అమ్మాయి సెల్యూట్ చేస్తోంది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ బొమ్మని చూసి ఫీజు కట్టే తల్లికి సీట్లెన్నో ఎవరూ చెప్పరు. తుపాకి పట్టడమే విముక్తి అని నేననను. యుద్ధాన్ని వ్యతిరేకించే స్త్రీవాదులతో నాకు పేచీ లేదు. అయితే వద్దనుకునే హక్కు కూడా తలుపు తెరిచి ఉన్నవాళ్లకే ఉంటుంది. అందుకే ఫొటోలో ముందు వరసలో నిలబెట్టారని మురిసిపోకుండా, సీట్ల లెక్క అడుగుదాం. ఏటా అడుగుదాం.