గాలిలో దీపమైన బ్యాటరీ

కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను ఆగుతుంది, ఉక్కపోస్తుంది, అంతే. ఐసీయూలో ఊపిరి మిషను ఆగితే? ఆగకూడదనే వెంటిలేటరు లోపల బ్యాటరీ పెట్టినారు. కరెంటు పోయిన క్షణం నుంచి జనరేటరు అందుకొనేదాకా రోగిని బతికించేది అదే. జనరేటరు సరిగా ఉంటే అది సెకన్ల పని. జనరేటరు మొరాయిస్తే గంటల పని. ఆ చిన్న డబ్బా మంచిదో చెడ్డదో అప్పటిదాకా ఎవరికీ పట్టదు.

డబ్బా చెడ్డదని కంపెనీలే ఒప్పుకొన్న సందర్భాలున్నాయి. జర్మనీకి చెందిన డ్రేగర్ కంపెనీ ఎవిటా వి500, బేబీలాగ్ వీఎన్500 వెంటిలేటర్లపై అమెరికాలో 2015-16 ప్రాంతంలో రీకాల్ వచ్చింది. అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మొదటి తరగతిలో చేర్చింది. అంటే ప్రాణానికే ముప్పున్న లోపం అని అర్థం. వాటికి అదనంగా అమర్చే పీఎస్500 అనే పవర్ యూనిట్‌లోని బ్యాటరీ చెప్పినంతసేపు నిలవలేదు. అంతకన్నా ఘోరమేమంటే, బ్యాటరీ ఖాళీ అయిపోతున్నా తెరమీద మాత్రం చాలినంత చార్జి ఉన్నట్టే చూపించింది. మోగాల్సిన అలారం మోగలేదు. బేబీలాగ్ పసికందులకు పెట్టే మిషను. తెరను నమ్మక నర్సు మరి దేన్ని నమ్మాలి?

ఇదంతా అమెరికా గోల, మనకేమి అనుకొనేవాళ్లు మదురైని గుర్తు చేసుకోవాలి. 2019 మే 7న సాయంత్రం గాలివానకు మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో కరెంటు పోయింది. ఐసీయూలో ఐదుగురు చనిపోయినారు. వెంటిలేటర్లు ఆగిపోయినాయని బంధువులు, బ్యాటరీతో నడుస్తూనే ఉన్నాయని, జబ్బు ముదిరి చనిపోయినారని ఆసుపత్రివాళ్లు. అంతకు మూడేళ్ల ముందు, 2016 జులైలో, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ ఇదే వాదం. కరెంటు పోయి, జనరేటర్లు పని చెయ్యక గంటల తరబడి చీకటి. ఆ ఒక్కరోజే ఇరవై మంది దాకా చనిపోయినారని పత్రికలు రాస్తే, రోజూ జరిగే మరణాలేనని అధికారులు అన్నారు. ఎవరి మాట నిజమో తేల్చేందుకు పెద్ద కమిషన్లు అక్కరలేదు. ఏ మిషను బ్యాటరీ ఎప్పుడు మార్చినారు, ఎప్పుడు పరీక్షించినారు అని రాసి పెట్టిన ఒక నోటు పుస్తకం ఉంటే సగం తేలిపోతుంది. అదే ఉండదు.

బేరిగై, బాగలూరు, శూలగిరి పక్క జనానికి పెద్ద జబ్బు చేస్తే దారులు నాలుగు. హోసూరు, 2022 జనవరిలో మొదలైన కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల, కుప్పం పీఈఎస్, లేదంటే అత్తిబెలె దాటి బెంగళూరు. ఏ దారిలో పోయినా అంబులెన్సులో చిన్న వెంటిలేటరు ఉంటే దానికీ బ్యాటరీయే దిక్కు. అత్తిబెలె దగ్గర బండ్లు ఎంతసేపు నిలుస్తాయో ఈ పక్క వాళ్లకు వేరే చెప్పాలా?

కోవిడ్ కాలంలో మిషన్లు కుప్పలుగా వచ్చినాయి. మైసూరు స్కాన్‌రే డిజైనుతో బెంగళూరు బీఈఎల్ ఒక్కటే 30 వేల వెంటిలేటర్లు చేసింది. కంపెనీలు, దాతలు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు, బైపాప్‌లు ఇచ్చినారు. ఫొటోలు దిగినారు, మంచిదే. ఆ మిషన్లకు ఇప్పుడు ఐదేళ్లు దాటినాయి. లోపలి బ్యాటరీని రెండు మూడేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. వాడకపోతే చెడదనుకోవడం పొరపాటు. చార్జి పెట్టకుండా స్టోర్ రూములో పడేసిన బ్యాటరీ వాడిన దానికన్నా ముందే చస్తుంది. ఎండ వేడి తగిలితే ఇంకా తొందరగా.

చట్టం లేదా అంటే ఉంది. వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చి 2018 జనవరి నుంచి అమలైనాయి. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నింటినీ మందుల చట్టం కిందికి తెచ్చినారు. లోపమున్న సరుకును తయారీదారు వెనక్కి తీసుకోవాలని నియమాల్లోనే ఉంది. పరికరాలతో జరిగే అనర్థాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015 నుంచే ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ ద్వారా నడుస్తోంది.

చిక్కు ఎక్కడంటే, రీకాల్ కాగితం మొదట కొన్నవాడి అడ్రసుకు పోతుంది. దాత కొని ఇచ్చిన మిషను ఇప్పుడు ఏ ఆసుపత్రిలో ఉందో కంపెనీ లెక్కలో ఉండదు. నర్సింగ్ హోములు సెకండ్ హ్యాండులో తెచ్చుకొన్నవి, ఇంటికి బాడుగకు తెచ్చుకొన్న బైపాప్‌లు అసలు ఏ లెక్కలోనూ ఉండవు. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ బ్యాటరీ కాదుగాని లోపలి నురగ స్పాంజి చెడుతోందని లక్షలాది ఊపిరి మిషన్లను వెనక్కి పిలిచింది. ఆ పిలుపు పల్లెలో మంచం పక్క మిషను పెట్టుకొన్న మనిషిదాకా ఎట్ల వస్తుంది? పైగా మనది సరిహద్దు. మిషను మీద ఇంగ్లిషు, బాడుగకిచ్చే అంగడివాడిది కన్నడం, ఆసుపత్రి కాగితం తమిళం, ఇంట్లో చూసుకొనే అమ్మది తెలుగు. అలారం మోగితే ఆ అమ్మ ఏం చెయ్యాలో తెలుగులో చెప్పినవాడు లేడు.

'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ మొదలుపెట్టింది ఈ జిల్లాలోని సామనపల్లిలోనే. ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగరు చూసే ఆ పనిలోనే ఇంకొక్క ప్రశ్న కలిపితే పోదా? ఇంట్లో ఊపిరి మిషను ఉందా, దాని సీరియల్ నంబరు ఎంత, బ్యాటరీ ఎప్పటిది? ఈ మూడూ రాసుకొంటే రేపు రీకాల్ వచ్చిననాడు ఎవరి తలుపు కొట్టాలో తెలుస్తుంది. ఆసుపత్రుల్లోనైతే జిల్లా ఆరోగ్య అధికారులు ప్రతి మిషను మీద బ్యాటరీ తేదీ అంటించాలి. నెలకోసారి రోగికి పెట్టకుండా, పరీక్ష కోసం ఉండే రబ్బరు ఊపిరితిత్తి తగిలించి, ప్లగ్గు పీకి ఎంతసేపు నడుస్తుందో చూసి రాయాలి. దీనికి కొత్త నిధులు అక్కరలేదు. గడియారం, పెన్ను చాలు.

ఇంట్లో మిషను ఉన్నవాళ్లు దాని మోడలు, సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. బాడుగకిచ్చిన అంగడిలో బ్యాటరీ వయసు అడిగి తెలుసుకోండి. అగ్గువకు దొరికిందని డూప్లికేటు బ్యాటరీ వేయించవద్దు. కరెంటు పోయి మిషను ఆగితే చేత్తో ఒత్తి ఊపిరినిచ్చే అంబు బ్యాగు అవసరమా అని డాక్టరును అడిగి, అవసరమైతే ఒత్తడం నేర్పమని పట్టుబట్టండి. మిషను ఉన్నట్టుండి ఆగినా, బ్యాటరీ నిండుగా చూపించి మోసం చేసినా ఉచిత నంబరు 1800-180-3024కు ఫోను చేసి రాయించవచ్చు.