క్షయరోగము: వినవలసిన సాక్షులు

క్షయరోగమును 2025 నాటికి దేశమునుండి నిర్మూలింతుమని ప్రభుత్వము పెట్టుకొనిన గడువు గడచిపోయినది. 2023లో క్రొత్తగా క్షయ సోకినవారిలో, ప్రపంచమంతటి లెక్కలో, నూటికి 26 మంది మన దేశమువారే. లోప మెచట నున్నదని నిపుణులు విచారించుచున్నారు. కాని వా రడుగవలసిన సాక్షులు వాకిటనే నిలిచియున్నారు. రోగికి గంజి త్రాగించి, రాత్రులు మేలుకొని, తుదకు పాడె వెంట నడచినవారే యా సాక్షులు.

గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములవారి కీ వ్యాధిచరిత్ర క్రొత్త గాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో వెలసిన శానటోరియమునకు దూరదేశములనుండియు రోగులు వచ్చుచుండిరి. 1948లో బి.సి.జి. టీకా కార్యక్రమము మన దేశమున మొదట నారంభమైన తావులలో మదనపల్లె యొకటి. ఆ కాలమున శానటోరియమున చేరిన రోగి శుశ్రూష వైద్యులది, నర్సులది. ఇంటివారికి మిగిలినది జాబుకై యెదురుచూపు. అంతట, 1956లో మద్రాసున నెలకొల్పబడిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రము, క్రమముగ మందులు వాడినచో నింటనుండి పొందు చికిత్స శానటోరియపు చికిత్సకు తీసిపోదని 1959లో తేల్చెను. బీదలపాలిట నది గొప్ప మేలు. అయితే నాటినుండి శుశ్రూషాభారము తల్లిమీదను భార్యమీదను పడినది. భారము వారికి చేరినది గాని, వారి యనుభవము వైద్యుల పుస్తకములకు చేరలేదు.

ఏ వారమున రోగికి కూడు సహింపకపోయెనో, ఏ యుదయమున గోడ పట్టుకొననిదే నిలువలేకపోయెనో, కూలి పోవునను భయముచే ఆసుపత్రి ప్రయాణ మెన్నిమార్లు వాయిదాపడెనో, పెండ్లికెదిగిన బిడ్డ యున్నదని దగ్గు నెన్ని నెలలు దాచిరో ఆమె యెరుగును. ఆసుపత్రి చీటిలో నుండునది ‘మరణించెను’ అను నొక్క మాటయే.

ఈ యెరుక వట్టి శోకము గాదు. 2022లో తమిళనాడు ప్రభుత్వము క్షయమరణముల తగ్గింపునకై యొక పథకము ప్రారంభించెను. వ్యాధి నిర్ణయమైన వెంటనే రోగి మిక్కిలి కృశించెనా, కాళ్లు వాచినవా, ఊపిరి వేగముగ నాడుచున్నదా, ఆసరా లేక నిలువగలడా అని చూచి, ప్రమాదమున నున్నవారిని వెంటనే ఆసుపత్రిలో చేర్చుట దాని పద్ధతి. ప్రాణవాయువును కొలచు పరికరము నటుంచినచో, వీనిలో నే లక్షణమును పరిచారిక కన్ను గుర్తింపలేదు? ఆమె నడిగియుండిన నెంత ముందుగ నీ పట్టిక సిద్ధమై యుండెడిదో!

ఆమెయు నపాయమున నున్నదే. ఝార్ఖండమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశోధనలో, రోగి కుటుంబమునకు అదనముగ నాహార మిచ్చినచోట నింటివారిలో క్రొత్తగా క్షయ పొడసూపుట నూటికి 39 వంతులు తగ్గెను. తన పాలు రోగికి పెట్టి తాను పస్తుండు తల్లి కథ మన పల్లెలలో వినని వారెవరు?

రోగము నయమైనవారిని నేడు టీబీ ఛాంపియన్లని పిలిచి సభలకు గొనివచ్చుచున్నారు. మంచిదే. కాని పోగొట్టుకొన్నవారి నేవేదికకును పిలువరు. వారి మాట సభకు శోభ నీయదు గదా!

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, క్షయపీడితుడైన తమ్ముడు నిత్యానందునికి కాలిఫోర్నియాలోని ఓహాయిలో తోడుండెను. 1925 నవంబరులో తమ్ముడు కన్నుమూసినపు డాయన ఇండియాకు వచ్చు నౌకలో నుండెను. ఆ దుఃఖము జీవితచరిత్రల కెక్కినది. టమాటా తోటలో కూలిచేయు స్త్రీ దుఃఖమును వ్రాయువా రెవరు? కర్మ ముగియకమునుపే యామె పనికి పోవలెను.

గర్భిణి మరణించినచో నింటికి పోయి, జరిగిన దేమని బంధువుల నడుగు పద్ధతి మన ఆరోగ్యశాఖలో కలదు. క్షయమరణ విచారణయు నట్లే పరిచారిక నోట వినుటతో నారంభము కావలెను. అడుగువారు తెలిసిన ఆశా కార్యకర్త వంటి వారైన మేలు. కర్మదినములు గడచిన పిదప పోవలెను. తప్పు మోపుటకు గాక తెలిసికొనుటకు పోవలెను. గుర్రంకొండ వంటి మండలములో నేడాదిలో వినవలసిన యిండ్లు లెక్కకు మించియుండవు.

తోటల యజమానులు సైతము చేయదగిన దొకటి గలదు. రోగిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయిన దినమునకు కూలి కోయకుండుట.