లెక్కా పత్రం: బన్నూరా, నెల్లూరా?

క్రిందటి సంచిక అందిన వారంలోనే మన సంఘ సభ్యులొకరు బెంగుళూరు నుంచి ఫోను చేశారు. బాగేపల్లి దగ్గర వారికి నాలుగెకరాల మెట్ట ఉంది. రిటైరయ్యాక ఊరికెళ్ళి గొర్రెలు పెంచుకుందామని ఆయన ఉద్దేశం. "ఎవరో బన్నూరు గొర్రెల గురించి చెబుతుంటే సెల్లులో చూశానండీ. పొట్టేలు ధర వింటే కళ్ళు తిరిగాయి. అవే కొందామనుకుంటున్నాను, మీరేమంటారు?" అని అడిగారు.

నేను చదివింది బి.కాం. పశువైద్యుణ్ణి కాను. కానీ గొర్రెల మీద అప్పిచ్చి ఒకసారి తలదించుకున్నవాణ్ణి. ఆ అర్హతతోనే ఈసారి రాస్తున్నాను.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల మీరు చూసే మందల్లో ఎక్కువ భాగం కలగలుపు జీవాలే. మనవాళ్ళు 'నాటు' అనేస్తారు. అచ్చమైన జాతి కావాలంటే వెతుక్కోవాలి, గుర్తులు తెలిసుండాలి.

నెల్లూరు గొర్రెను గుర్తుపట్టడం తేలిక. మన దేశపు గొర్రెల్లో అన్నిటికంటే ఎత్తయినది అదే. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, ఒంటి మీద ఉన్ని లేనట్టే. ఇందులో మూడు రకాలున్నాయి. తెల్లగా ఉండేది పల్ల. ఎర్రగా గోధుమ వన్నెలో ఉండేది దొర. తెల్లటి ఒంటి మీద కళ్ళ చుట్టూ, పెదాల దగ్గర, క్రింది దవడ మీద నల్ల మచ్చలుంటే అది జోడిపి. కాటుక పెట్టుకున్న పెళ్ళికూతురిలా ఉంటుంది, నాకైతే అదే ముద్దు. పెరిగిన పొట్టేలు 36, 38 కిలోలు, ఆడది 30 కిలోల దాకా తూగుతుంది. దీని మీద పరిశోధన చేసే కేంద్రం మనకు దూరమేమీ కాదు. ముళబాగిలు దాటి ఆంధ్రలో అడుగుపెడితే పలమనేరులోనే ఉంది.

బన్నూరు వేరే సంగతి. మండ్య గొర్రె అన్నా, బండూరు అన్నా ఇదే. మళవళ్ళి తాలూకా దీని పుట్టినిల్లు. పొట్టి కాళ్ళు, గుండ్రటి ఒళ్ళు, ఆడదానికీ మగదానికీ కూడా కొమ్ములుండవు. తెల్లటి ఒళ్ళు, మొహం మీద లేత గోధుమరంగు. వెనకనుంచి చూస్తే తొడలు కండపట్టి, తిరగేసిన 'యు' అక్షరంలా కనబడాలి. మాంసం రుచికి దీన్ని మించింది లేదని మైసూరు సీమలో పేరు. ఉగాది మర్నాడు కన్నడిగులతోపాటు ఇక్కడి మన ఇళ్ళల్లోనూ చేసుకునే హొసతొడకుకు బన్నూరు అంటే బెంగుళూరులో ఎగబడతారు. అయితే ఎదుగుదల నిదానం. ఆడది నెల్లూరు దానికంటే బాగా చిన్నది.

దక్కనీ అని ఇంకొకటుంది. నల్లటిది, గొంగళి నేతకు ఉన్ని ఇచ్చేది. ఎండకు, నడకకు ఓర్చే జీవం. ఉన్నికి గిరాకీ పోయాక మన వైపు దాన్ని కోరి కొనేవారు తక్కువే.

ఇక నా కథ. 2009లో నేను బాగేపల్లి వైపు ఒక శాఖలో అప్పులు చూసేవాణ్ణి. ఒక రైతు 20 గొర్రెలకు, ఒక పొట్టేలుకు దరఖాస్తు పెట్టాడు. బన్నూరువే కావాలన్నాడు. నేను కొటేషను చూశాను, భూమి పత్రాలు చూశాను, లెక్క కట్టాను. బెంగుళూరు ధర వేస్తే కాగితం మీద లాభం కళకళలాడింది. ఆయన గొర్రెల్ని ఎక్కడ మేపుతాడో అడగలేదు. అదే నా తప్పు.

మళవళ్ళి వైపు నుంచి లారీలో దిగాయి. మూడు నాలుగింటికి గుర్తులు సరిగా లేవు, మిగతావి అచ్చమైనవే. ఆయనకేమో తోటలేదు, నీళ్ళు లేవు. ఊరి మందతోపాటు గుట్టల మీదికి తోలాడు. వేసవిలో మేత కోసం రోజుకు ఎనిమిది, పది కిలోమీటర్లు తిరగాలి. నాటు గొర్రెలు ముందు నడిచిపోతే ఇవి వెనకబడి నిలబడేవి. వట్టి మేత కొని పెట్టాల్సి వచ్చింది. పిల్లలు అమ్మబోతే సంతలో బేరగాడు నడుము పట్టి ఎత్తిచూసి బరువుకే ధర కట్టాడు. "బన్నూరైతే నాకేం, హోటలాయన అడుగుతాడా?" అన్నాడట. బెంగుళూరు కొనుగోలుదారు ఆరేడు పిల్లల కోసం బాగేపల్లి దాకా రాడు కదా.

పదునాలుగు నెలలకు అన్నీ అమ్మేశాడు. వాయిదా కట్టడానికి భార్య కమ్మలు కుదువపెట్టిన సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మేపేదానికి గడ్డి ఉండాల సార్, జాతి ఏం చేస్తాది" అన్నాడు, అంతే.

ఇదే బన్నూరు చింతామణి వైపు ఒక ఇల్లాలికి కలిసొచ్చింది. వాళ్ళది పట్టుపురుగుల ఇల్లు. పురుగులు తినగా మిగిలిన మల్బరీ కొమ్మలు రోజూ ఉంటాయి. ఆమె మంద జోలికి పోలేదు. ఏటా నాలుగైదు పొట్టేలు పిల్లల్ని కొని, పాకలో కట్టి మేపి, హొసతొడకుకో బక్రీదుకో బెంగుళూరు వాళ్ళకే నేరుగా అమ్మేది. పడకల మీద మందుపొడి చల్లిన రోజు కొమ్మలు మాత్రం వేసేది కాదు.

ఫోను చేసినాయన కవలల్నీనే 'నారి సువర్ణ' సంగతీ అడిగారు. అది మహారాష్ట్రలో ఫల్టణ్ వాళ్ళు తయారుచేసింది. సుందరవనాల గరోల్ అనే బుల్లి గొర్రె జన్యువును దక్కనీ, బన్నూరు రక్తంలో కలిపారు. ఆ జన్యువే 1790ల్లో బెంగాల్ నుంచి ఓడెక్కి ఆస్ట్రేలియా చేరిందంటారు. ఈతకు రెండు పిల్లలన్నది నిజమే గానీ, రెండింటికీ పాలు చాలేటట్టు తల్లిని మేపాలి. మళ్ళీ గడ్డి దగ్గరికే వచ్చాం.

ఆయనకు నేను చెప్పింది ఇది. బోరులో నీళ్ళుంటే ముందు అరెకరంలో పశుగ్రాసం వేయండి. అది కోతకు వచ్చాక నాలుగు బన్నూరు పిల్లలతో మొదలుపెట్టండి. నీళ్ళు లేక, బయట మేపే మనిషి దొరికితే, ఊళ్ళోని మంచి నాటు గొర్రెలే పది కొనండి. డబ్బంతా జోడిపి పొట్టేలు మీద పెట్టండి. దాన్ని రెండేళ్ళకొకసారి మార్చండి, లేకపోతే తన కూతుళ్ళతోనే కలుస్తుంది. ఏ జాతైనా వానలకు ముందు చిటుకు రోగానికి టీకా, వేళకు నట్టల మందు తప్పవు.

ఆయన సంతకు నన్ను తోడు రమ్మన్నారు. నాకంటే తెలిసినవాడున్నాడని ఆ బాగేపల్లి రైతుకు కబురు పెట్టాను. కమ్మలు ఎప్పుడో విడిపించుకున్నాడు, ఇప్పుడు నలభై నాటు గొర్రెలున్నాయి.

"వస్తా సార్," అన్నాడు. "పళ్ళు నేను చూస్తా. కాగితాలు మీరు చూడండి."