గాలి పడవ కొనేటప్పుడు మందం కాదు, ఎండ చూడండి

లంక ఊళ్ల రైతులు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "వరదకి అక్కరకొస్తుందని ఒక గాలి పడవ కొందామనుకుంటున్నాం, ఏ గుడ్డది ఎక్కువ కాలం ఆగుతుంది?" అని. పైన వీడియోలో మూడు రకాల గుడ్డలు చేత్తో పట్టుకుని చూపించాను. అందులో చెప్పడానికి టైము చాలని నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

ముందే నా మాట చెప్పేస్తా. మన దగ్గర గాలి పడవని పాడు చేసేది నీళ్లు కాదు, తుమ్మముల్లు కూడా అంతగా కాదు. ఎండ! ముల్లు గుచ్చుకుంటే అతుకు వేసుకోవచ్చు. ఎండకి గుడ్డే చచ్చిపోతే అతుకు దేనికి వేస్తాం? కాబట్టి పడవ ఎన్ని రోజులు నీళ్లలో ఉంటుందని కాదు, మిగతా రోజులు ఎక్కడ పడుకుంటుందని ఆలోచించి కొనాలి. అమ్మేవాళ్లు మాత్రం మందం, జీఎస్ఎం, బరువు ఎంత మోస్తుంది అనేవే చెప్తారు.

అసలు ఇది ఎవరికి కావాలి? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 17 లక్షలకి ఇస్తారు. అప్పుడు పి.గన్నవరం వైపు బూరుగులంక, ఊడిమూడిలంక లాంటి ఊళ్లకి పడవే దారి అయింది. నాటు పడవకి, పంటుకి గాలి పడవ ప్రత్యామ్నాయం అని నేను అనను. రోజూ రేవు దాటడానికి చెక్క పడవో ఫైబర్ పడవో ఉండాల్సిందే. నడి గోదావరిలో వరద ఉరవడి మీద గాలి పడవతో సాహసం చెయ్యొద్దు. అది పనికొచ్చేది నీళ్లు పెరట్లోకి, వీధిలోకి వచ్చి నిలిచినప్పుడు. తక్కువ లోతులో తేలుతుంది, ఇద్దరు మోసుకుపోగలరు, మడిచి అటక మీద పెట్టుకోవచ్చు. ముసలాళ్లని గట్టు మీదికి చేర్చడానికి, పశువులకి మేత పట్టుకెళ్లడానికి, పాలక్యాన్లు తేవడానికి అది చాలు. చేపల చెరువులు ఉన్నవాళ్లకి మేత చల్లడానికి కూడా వాడొచ్చు.

ఇక గుడ్డ సంగతి. మంచి గాలి పడవ ఏదైనా లోపల నేత ఉంటుంది. పాలిస్టర్ లేదా నైలాన్ దారంతో నేసిన గుడ్డకి రెండు వైపులా పూత పూస్తారు. బలం దారానిది, గాలి పోకుండా ఆపే పని, ఎండకి కాచుకునే పని పూతది. పిల్లల ఈత కొలను బొమ్మల్లాంటి చౌక పడవలకి నేతే ఉండదు, ఉత్త ప్లాస్టిక్ షీటు. అది ఒకచోట చిరిగితే చిరుగు పాకిపోతుంది. నేత ఉన్నది చిరిగినా దారం దగ్గర ఆగుతుంది. గుడ్డ అంచు తిప్పి చూడండి, దారాల గళ్లు కనపడకపోతే అది వరదకి పనికొచ్చే సరుకు కాదు.

మొదటి రకం పీవీసీ పూత. బజారులో ఎక్కువ దొరికేది ఇదే. మన బోరు పైపు కూడా పీవీసీయే కదా, అది గట్టిగా ఎందుకుంది, ఇది మెత్తగా ఎందుకుంది? మెత్తదనం కోసం దీంట్లో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది పీవీసీతో రసాయనికంగా అతుక్కుని ఉండదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుందంతే. ఎండకి, వేడికి మెల్లగా బయటికి వస్తుంది. ముందు పడవ పైన జిగురు జిగురుగా అవుతుంది, తర్వాత గుడ్డ బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది. అజొల్లా తొట్టికి వేసిన షీటు ఎండలో పడి పొడిపొడిగా రాలడం మీరు చూసే ఉంటారు. అది పీవీసీ కాదు, కారణం వేరు, కానీ ఎండ చేసే పని మాత్రం ఒకటే.

రెండోది హైపలాన్. ఇది డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరు. అసలు పదార్థం పేరు క్లుప్తంగా సీఎస్ఎం, ఒక రకం కృత్రిమ రబ్బరు. డ్యూపాంట్ 2010లో దీని తయారీ ఆపేసింది, ఇప్పుడు వేరే కంపెనీల సీఎస్ఎం వస్తోంది. పేరు మాత్రం నిలిచిపోయింది. అందుకే "హైపలాన్" అనే మాట విని డబ్బు కట్టొద్దు. బయటి పూత సీఎస్ఎమ్మేనా, లోపల నియోప్రీన్ ఉందా అని అడిగి, అదే మాట బిల్లు మీద రాయించుకోండి. ఈ రబ్బరు ఎండకి బాగా నిలుస్తుంది, పెట్రోలు చుక్క పడినా పీవీసీ అంత త్వరగా చెడదు. ఇబ్బంది ఏమిటంటే ఖరీదు ఎక్కువ, బరువు కూడా కొంచెం ఎక్కువ, వేడితో అతకడం కుదరదు. అతుకులన్నీ చేత్తో, జిగురుతోనే వెయ్యాలి.

మూడోది టీపీయూ. తేలిక, రాపిడికి బాగా ఆగుతుంది, మెత్తదనానికి ప్లాస్టిసైజర్ అక్కర్లేదు. పీవీసీ లాగే వేడితో అతుకుతుంది. ఇందులో ఈస్టర్ రకం, ఈథర్ రకం అని రెండున్నాయి. ఈస్టర్ రకం వేడి, తేమ కలిసిన చోట ఏళ్ల మీద విరిగిపోతుంది. ఈథర్ రకం తేమకి తట్టుకుంటుంది. కోనసీమ గాలిలో తేమ గురించి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి టీపీయూ కొంటే ఈథరా అని అడగండి. అమ్మేవాడికి సమాధానం తెలియకపోతే మీకు సమాధానం దొరికినట్టే.

ఇప్పుడు అంకెలు. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 1000 డెనియర్ అంటే ఆ పొడవు దారం కిలో బరువన్నమాట. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు. సన్న దారం మీద దట్టంగా పూత పూసినా జీఎస్ఎం పెరుగుతుంది, మందమూ పెరుగుతుంది. కాబట్టి ఒక్క అంకె వినొద్దు. దారం డెనియర్, గుడ్డ బరువు రెండూ కలిపి చూడాలి.

గుడ్డ కంటే ముందు చాలాసార్లు విడిపోయేది అతుకు. పీవీసీ, టీపీయూ పడవల్లో వేడితో కరిగించి అతికినవే తీసుకోండి. జిగురుతో అతికిన చౌక పీవీసీ పడవ మన వేసవిలో నమ్మదగ్గది కాదు. అతుకు వెంబడి వేలు పెట్టి చూడండి, ముడతలు, బుడగలు ఉంటే వదిలెయ్యండి.

ఎండ ఇంకో రకంగా కూడా దెబ్బ తీస్తుంది. పొద్దున్నే గుడ్డ 27 డిగ్రీలున్నప్పుడు గొట్టాల్లో 3 పీఎస్ఐ గాలి కొట్టారనుకోండి. ఒడ్డున ఎండలో వదిలేస్తే లోపలి గాలి 57 డిగ్రీలకి చేరొచ్చు. బయటి వాతావరణం ఒత్తిడి 14.7 కూడా కలుపుకుని లెక్కేస్తే లోపలి ఒత్తిడి పదో వంతు పెరుగుతుంది. అంటే గేజి మీద 3 కాస్తా 4.7 దాటుతుంది. గుడ్డ కొంచెం సాగి కొంత తగ్గొచ్చు గానీ, ఆ భారమంతా అతుకుల మీదే పడుతుంది. ఒడ్డుకి తెచ్చాక కాస్త గాలి వదలండి, పైన కొబ్బరాకు కప్పండి. అదే పడవ చల్లటి నీళ్లలోకి దించితే మెత్తబడుతుంది. అది పంక్చర్ కాదు, కంగారు పడొద్దు.

ఇంతకీ నా సలహా ఏమిటి? ఏడాదిలో పది పదిహేను రోజులు వాడి, కడిగి, ఆరబెట్టి, నీడలో దాచేవాళ్లకి వేడితో అతికిన మంచి పీవీసీ చాలు. వాళ్లు హైపలాన్‌కి డబ్బు పొయ్యక్కర్లేదు. చెరువు గట్టు మీద ఏడాది పొడుగునా ఎండలోనే ఉండే పడవకి మాత్రం పీవీసీ కొనడం పొదుపు కాదు, సీఎస్ఎమ్మే తీసుకోండి. టీపీయూ మంచి గుడ్డే, కానీ దానికి సరిపడే జిగురు, అతుకు వేసే మనిషి మీకు దగ్గర్లో దొరికితేనే. వరద మధ్యలో బాగు చేసుకోలేని పడవ ఎంత ఖరీదైనదైనా ఒకటే.

జిగుర్లు కూడా కలగలపకూడదు. పీవీసీకి పాలీయురేథేన్ జిగురు, సీఎస్ఎమ్మ్‌కి నియోప్రీన్ జిగురు, రెండూ గట్టిపడే ద్రావణం కలిపి వాడే రకమే. గాలిలో తేమ ఎక్కువున్న రోజు వేసిన అతుకు నిలవదు కాబట్టి శ్రావణంలో కాదు, వేసవిలోనే చూసుకోండి. గాలి పోయే చోటు కనిపెట్టడానికి కుంకుడు నురుగు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కడగడానికీ అదే చాలు. మనవాళ్లకి అన్నిటికీ వేపనూనె పూసే అలవాటు ఉంది. దీనికి మాత్రం వద్దు. వేపనూనే కాదు, ఏ నూనె అయినా పీవీసీని పాడు చేస్తుంది. మడిచేముందు పూర్తిగా ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది. ధాన్యం బస్తాల పక్కన పెట్టకండి. ఎలుకకి హైపలాన్ అయినా ఒకటే, పీవీసీ అయినా ఒకటే.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి ఇంకో మాట. పాడైన పీవీసీ పడవని తగలబెట్టొద్దు. హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, డయాక్సిన్ల లాంటి విషాలూ తయారవుతాయి. పనికొస్తుంది కదా అని జీవామృతం గుంటలోనో అజొల్లా తొట్టిలోనో పరవొద్దు. బయటికి వచ్చే ఆ ప్లాస్టిసైజర్ చివరికి మన మట్టిలోకే చేరుతుంది. భూమిలో రసాయనం వద్దనుకున్న మనం కొనేముందే ఇది కూడా లెక్కలో వేసుకోవాలి. ఎక్కువ కాలం ఆగే పడవ అంటే తక్కువ చెత్త.

అందుకే ఇంటికొక చౌక పడవ కంటే పది ఇళ్లు కలిసి ఒక మంచి పడవ, మనిషికొక లైఫ్ జాకెట్ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. ఎవరింట్లో నీడ ఉందో వాళ్లింట్లో పెట్టండి. గోదారికి ఎర్రనీరు రాకముందే, అంటే వేసవిలోనే కొనండి. వరద వచ్చాక కొంటే దొరికింది తీసుకోవడమే, ఎంచుకోవడం ఉండదు. తేగానే గాలి కొట్టి ఒక రోజంతా నీడలో ఉంచండి. మర్నాడు అదే వేళకి ఒత్తిడి చూడండి. అంతే ఉంటే దాచుకోండి, బాగా తగ్గితే బిల్లుతో సహా వెనక్కి పట్టుకెళ్లండి.