బొగ్గు మాది, లెక్క వాళ్లది

(14వ భాగం)



పోయిన ఆదివారం పద్మారావు నగర్‌లో, నేనుండే ఇంటికి నాలుగు సందుల అవతల, ఒక మేడ మీద మీటింగ్ అంటే పోయాను. ఇరవై మంది దాకా ఉన్నారు. అందరూ కార్బన్ రిమూవల్ ప్రాజెక్టులు నడుపుతున్నవాళ్లు, నడపాలనుకుంటున్నవాళ్లు. అంటే గాలిలో ఇప్పటికే చేరిపోయిన కార్బన్ డయాక్సైడ్‌ను వెనక్కి లాగి మట్టిలోనో చెట్టులోనో రాతిలోనో దాచి, దాచిన టన్నుకు ఇంత అని క్రెడిట్లు అమ్మే పని. "అందరం ఒకే తప్పు విడివిడిగా చేస్తున్నాం. అనుభవాలు పంచుకునే ఒక సమూహం కట్టుకుందాం" అన్నది వాళ్ల ఎజెండా.

ముందే చెప్తున్నా, ఆ మాట తప్పు కాదు. ఒకరి బట్టీ ఎందుకు ఫెయిలయిందో పక్కవాళ్లకు తెలిస్తే ఇంకొకరి డబ్బు, ఇంకొక ఊరి నమ్మకం మిగులుతాయి. ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. వాతావరణం మీద నిజమైన దిగులున్నవాళ్లే.

కానీ నాకు అప్పగించిన పని వినండి. "అన్నా, మీకు ఊళ్లలో మంచి పరిచయాలున్నయి. రైతుల్ని మీరు మొబిలైజ్ చేయండి." నేను ఒక్కటే అడిగాను. ఈ సమూహంలో రైతు సభ్యుడా, కూలి మనిషి సభ్యురాలా? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక తమ్ముడు నిజాయితీగానే చెప్పాడు. "అన్నా, ఇది డెవలపర్ల కోసం. కానీ డాక్యుమెంట్లన్నీ ఓపెన్‌గానే పెడతాం. ఎవరైనా చదువుకోవచ్చు."

నా పేచీ అక్కడే.

మహద్ చెరువు కూడా ఓపెన్‌గానే ఉండింది. 1924లోనే అక్కడి మునిసిపాలిటీ అందరికీ తెరిచామని తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి తాగేదాకా ఆ నీళ్లు మనవి కాలేదు. తెరిచి ఉంచడం వేరు, చెరువు గట్టు మీద హక్కుతో నిలబడనివ్వడం వేరు. ఇంగ్లీషులో రాసిన ఓపెన్ డాక్యుమెంటు మా మామకు మహద్ చెరువే.

మా మేనమామ చిన్నప్పటి నుంచి సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు బట్టీ పెట్టినవాడు. కట్టె పేర్చి, మట్టి కప్పి, నిప్పు పెట్టి రాత్రంతా పొగను చూస్తూ కూర్చునేవాడు. "అల్లుడా, పొగ తెల్లగుంటే ఇంకా నీళ్లు పోతున్నట్టు. పలచబడి నీలంగ తిరిగిందా, బొక్కలన్నీ మూసెయ్యాలె. లేకుంటే బూడిదే మిగుల్తది" అనేవాడు. గాలి సరిగ్గా అందనివ్వకుండా కట్టెను కాల్చడమే ఇవాళ బయోచార్ పేరుతో తిరిగొచ్చింది. దాన్ని మట్టిలో కలిపితే కార్బన్ వందల ఏళ్లు నిలుస్తుందంటారు. నిజమే. ఆ మీటింగ్‌లో ఒకమ్మాయి పాత బట్టీల నుంచి మీథేన్ పోతుందని చెప్పింది. అదీ నిజమే. ఈ ముక్క మా మామకు ఎవరూ చెప్పలేదు. మామకు తెలిసింది వాళ్లకు కావాలి, వాళ్లకు తెలిసింది మామకు కావాలి. జ్ఞానం పంచుకోవడం అంటే ఇది కదా! కానీ వాళ్ల సమూహంలో మామ "ఫీడ్‌స్టాక్ సప్లయర్".

ఇంకొకటి. పత్తికట్టెను వాళ్లు వ్యర్థం అన్నారు. ఎవరికి వ్యర్థం? పత్తి ఏరడం అయిపోయాక భూమిలేని మా ఆడవాళ్లు ఆ కట్టె పీక్కొచ్చుకుని పొయ్యిలోకి దాచుకుంటారు. రేపు దానికి ధర కడితే డబ్బు చేనుగలాయనకు పోతుంది. పొయ్యి మాత్రం మాలవాడలో, మాదిగవాడలో ఆరిపోతుంది. ఏ ప్రాజెక్టు లెక్కలోనైనా ఈ పొయ్యికి ఒక గడి ఉందా అని అడిగాను. రాసుకున్నారు. రాసుకోవడం మంచిదే. అక్కడ ఒక కూలి తల్లి కూర్చుని ఉంటే నేను అడగాల్సిన పని ఉండేది కాదు.

డబ్బు చిన్నదనుకోకండి. 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రైజ్ కార్బన్ రిమూవల్ పోటీలో అయిదు కోట్ల డాలర్ల మొదటి బహుమతి మాటి కార్బన్ అనే సంస్థకు వచ్చింది. బసాల్ట్ రాతిపొడిని చిన్న రైతుల పొలాల్లో చల్లడం వాళ్ల పద్ధతి. మన దేశపు వరి పొలాలు అందులో ఉన్నాయి. వాన నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆ పొడితో కలిసి బైకార్బొనేటుగా మారి నీళ్లతో పోతుంది. ఆ సంస్థను అనడం లేదు. ఈ దారిలో రాబోయే అందరినీ అడుగుతున్నా. రాయి పొడి అయ్యేది క్రషర్‌లో. క్రషర్ దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఎవరి ఊపిరితిత్తుల్లో ఉంటుందో మన వాడలకు తెలుసు. టన్ను లెక్కలో ఆ దగ్గు ఏ పద్దు కింద రాస్తారు?

ఇక సంతకం. మామ ఊళ్లో ఈ వానాకాలం ఒక కంపెనీ ఒప్పందం కాగితాలు పట్టుకుని తిరుగుతోంది. మామది కౌలు సాగు. పట్టా హైదరాబాద్‌లో ఉండే దొర కొడుకు పేరు మీద. సంతకం ఆయనది, చాకిరి మామది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఏం జరిగింది? పాస్‌బుక్ ఉన్నవాడికి పైసలు, కౌలుదారుకు మొండిచెయ్యి. కార్బన్ పైసలూ అదే కాలువలో పారబోతున్నాయి.

"ఊరోళ్లకు కార్బన్ లెక్క అర్థం కాదన్నా" అనేవాళ్లకు అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ చూపిస్తాను. 2003లో ఆ ఆదివాసీ పల్లె ఆడవాళ్ల సంఘం డీజిల్ బదులు కానుగ నూనె లెక్క మీద 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మింది. అది ఉద్గారాల తగ్గింపు, ఇది తొలగింపు. తేడా ఉంది. కానీ అమ్మింది సంఘం, ధర బహిరంగం. టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపే అని ఈరోజు మనం కూడా లెక్క తీయగలుగుతున్నాం.

జ్ఞానం పంచుకునే సమూహం ఎట్లుంటుందో జహీరాబాద్ దళిత ఆడవాళ్లు ఎప్పుడో చూపించారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో విత్తనం తీసుకున్న మనిషి పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగిస్తుంది. 2008 అక్టోబర్‌లో మాచ్‌నూర్‌లో సంగం రేడియో పెట్టి తమ యాసలో తమ సేద్యం తామే చెప్పుకున్నారు. 2019లో ఆ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అక్కడ వాళ్లే సభ్యులు.

అందుకే ఆ మేడ మీద మూడు షరతులు పెట్టి వచ్చాను. ఒకటి, కౌలుదారులు, కూలీలు సగం కుర్చీల్లో ఉండాలి, వాళ్ల దినకూలి నష్టం సమూహమే భరించాలి. రెండు, ప్రతి ఒప్పందం, క్రెడిట్ అమ్మిన ధర, మట్టి పరీక్ష ఫలితం తెలుగులో ఊరి ముందు చదవాలి. మూడు, ఓడిపోయిన ప్రాజెక్టు కథ చెప్పేటప్పుడు ఆ ఊరు కూడా చెప్పాలి, కంపెనీ ఒక్కటే కాదు.

"ఆలోచిస్తాం అన్నా" అన్నారు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నారు. ఈసారి నేను ఒక్కడినే పోను. మామను బస్సెక్కి రమ్మన్నాను.

లా చదివే తమ్ముళ్లూ, అగ్రికల్చర్ చదివే చెల్లెళ్లూ, మీతో నాకు పనుంది. మామ ఊరి ఒప్పందం కాగితం నా దగ్గరుంది. శనివారం లోపు దాన్ని మామకు అర్థమయ్యే తెలుగులోకి మార్చాలి. రండి, కూర్చుందాం.

జై భీమ్.

(మిగతాది వచ్చే భాగంలో)