కారు ఫ్యాక్టరీ సరే, కాలువ నీరెవరికి?

హైదరాబాదు-బెంగుళూరు రహదారి మీద అనంతపురం దాటి వెళ్ళినవారికి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 2019 ఆగస్టులో అక్కడ నుంచి మొదటి కారు బయటికి వచ్చింది. ఏటా 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. అదే రహదారి మానవపాడు ప్రాంతం మీదుగానూ పోతుంది. రైలు సౌకర్యమూ ఉంది. మరి అటువంటిది ఇక్కడికెందుకు రాదు, ఊరి పిల్లలు పొట్ట చేత పట్టుకుని పట్నాలకెందుకు పోవాలి అని ఎవరైనా అడిగితే తప్పు లేదు. అడగవలసిందే. కాని అంతకంటే ముందు అడగవలసిన మాట ఇంకొకటుంది.

పెనుకొండ ఫ్యాక్టరీకి నీరు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తుంది. గొల్లపల్లికి హంద్రీ-నీవా కాలువ, ఆ కాలువకు శ్రీశైలం ఆధారం. శ్రీశైలం చేరే కృష్ణా, తుంగభద్రలు అలంపూర్ ప్రాంతానికి చెరో పక్కగా పారిపోయేవే. మెట్ట మీదికి ఎత్తిపోసి అంత దూరం నీరు తీసుకుపోగలిగినవారికి, చెంతనే ఉన్న ఆర్.డి.ఎస్. చివరి మడికి నీరందించడం చేతకాకపోవడం విడ్డూరం.

రాజోలిబండ ఎడమ కాలువ పొడవు 143 కిలోమీటర్లు. ఈ వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. బచావత్ ట్రిబ్యునల్ ఈ వైపు రైతాంగానికి 15.9 టి.ఎం.సి.లు కేటాయించింది. ఆ లెక్క కాగితం మీద పచ్చగానే ఉంది. కాలువ పైభాగం కర్ణాటకలో ఉన్నది. పూడిక, గండ్లు, పైవారి వాడకం అన్నీ పోగా మిగిలినదే కింది రైతు భాగ్యం. వరి వేద్దామన్నవారు మిరప, పత్తి వేసి బోర్ల వైపు చూస్తున్నారు. 2018లో తుమ్మిళ్ళ ఎత్తిపోతల వచ్చి కొంత ఊరట కలిగింది గాని, తుంగభద్రలో నీరున్నన్నాళ్ళే దానికి పని.

జపాన్‌లో టొయోటా అనే పట్నం ఉంది. కార్ల కంపెనీ పేరునే 1959లో ఊరికి పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలతో పాటు వరి మళ్ళూ ఉన్నాయి. రెండింటికీ నీరిచ్చే మెయిజీ కాలువ 1880 నాటిది. 2022 మే నెలలో, సరిగ్గా నాట్ల వేళ, ఆ కాలువ ఆనకట్ట కింద బుంగ పడింది. పంపులు పెట్టి తోడిన నీరు ముందు ఫ్యాక్టరీలకు వెళ్ళింది. రైతులకు తరువాత, అదీ వంతులవారీగా. అంతటి క్రమశిక్షణ గల దేశంలోనే అలా జరిగితే ఇక్కడ ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు.

2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు ఎదురు తిరిగారు. నీరు, గాలి, పొలం పాడవుతాయని వారి భయం. వారిని అభివృద్ధికి అడ్డు అనడం తేలిక. ఏ ఫ్యాక్టరీకైనా నీరెక్కడిది, ఎంత, కరువొస్తే ముందెవరికి అన్నది గ్రామసభలో చదివి వినిపించి, రాసి ఇచ్చిన తరువాతే అనుమతి ఇవ్వాలి. అందాకా అధికారులు చేయగల చిన్న పని ఒకటుంది. సరిహద్దు దాటి కాలువలోకి ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో మండల కార్యాలయం గోడ మీద రోజూ రాయించవచ్చు. దానికి సుద్దముక్క చాలు.